దిగులు తగ్గిందా, తగ్గిందనిపించిందా?

(గుంటూరు బ్రాడీపేటలో ఒక ఆదివారం సాయంత్రం తల్లిదండ్రులు, అధ్యాపకుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే, అక్కడక్కడా కాస్త సర్ది.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగానే ఉంది గానీ, ఈ ఎండలో ఫ్యాను ఆపమనే ధైర్యం నాకు లేదు.

ముందే చెప్పేస్తాను, నేను సైకాలజిస్టును కాను. ముప్ఫై ఏళ్ళు డిగ్రీ పిల్లలకి స్టాటిస్టిక్స్ చెప్పాను. సైకాలజీ వాళ్ళ దగ్గరికి నేను పోలేదు, లెక్కలు చూసిపెట్టమని వాళ్ళే నన్ను లాక్కొచ్చారు. కాబట్టి దిగులు ఎలా పోగొట్టుకోవాలో నన్నడక్కండి. పోయిందని ఎవరైనా చెబితే నమ్మాలా వద్దా, అంతవరకే నా పని.

ఈ మధ్య మన ఊళ్ళోనూ, విజయవాడలోనూ ఎక్కడ చూసినా ఫ్లెక్సీలే. టెన్షన్ పోగొట్టే శిక్షణ, ఇన్ని వారాల్లో ఫలితం. పక్కనే రెండు స్తంభాల బొమ్మ. శిక్షణకి ముందు ఎర్రది, పొడుగ్గా. తర్వాత పచ్చది, పొట్టిగా. కళ్ళ ముందు పిల్లవాడు నిద్రపోకుండా దొర్లుతుంటే ఆ బొమ్మ చూడగానే మన చెయ్యి పర్సులోకి పోతుంది. తప్పేం లేదు. కానీ ఆ ఎర్ర స్తంభానికీ పచ్చ స్తంభానికీ మధ్య ఏమేం జరిగి ఉండొచ్చో ఒకసారి చూద్దాం.

ఆ బొమ్మ వేసినవాళ్ళని తిట్టడానికి రాలేదు. నేనూ వేసినదాన్నే. కొన్నేళ్ళ కిందట పరీక్షల ముందు హాస్టలు పిల్లలకి మేమిద్దరం లెక్చరర్లం ఒక చిన్న శిక్షణ పెట్టాం. రోజూ సాయంత్రం అరగంట. ఊపిరి మీద ధ్యాస, బుర్రలో గిర్రున తిరిగే మాటల్ని కాగితం మీద పెట్టడం, ఇలాంటివి. మొదలుపెట్టేటప్పుడు దిగులు కొలిచే ప్రశ్నలు నింపించాం. సెలవులు అయ్యి పిల్లలు తిరిగొచ్చాక మళ్ళీ నింపించాం. దిగులు మార్కులు దబ్బున పడిపోయాయి! నేను టీ-టెస్ట్ కూడా చేశాను, రెండు సగటుల మధ్య తేడాని తూచే లెక్క అది. అసలు మార్పేమీ లేకపోయినా ఊరికే అంత తేడా కనబడే అవకాశమెంతో చెప్పే అంకెని పి విలువ అంటారు, అది చూసుకుని ఆ పూట అన్నం తినకపోయినా ఆకలెయ్యలేదు. స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకుంటుంటే మా తెలుగు మాస్టారు, ఆయనకి లెక్కలంటే గిట్టదు, టీ గ్లాసు కింద పెట్టి అడిగారు, "మధ్యలో పరీక్షలు అయిపోయినయ్ గదమ్మా?" అని.

(నవ్వులు)

అంతే. ముప్ఫై ఏళ్ళ స్టాటిస్టిక్స్ ఒక్క ముక్కలో కొట్టుకుపోయింది.

పరీక్షల సంగతి సరే, అది కంటికి కనిపించే కారణం. కనిపించనిది ఇంకోటుంది. దిగులు తనంతట తనే ఎక్కుతుంది, దిగుతుంది. 2024 సెప్టెంబరు మొదట్లో మన ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల నీరొచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. బ్యారేజీ కట్టాక అంత నీరు రాలేదు. ఆ రోజు ఎవరో ఒకాయన ఒడ్డున నిలబడి ఒక నిమ్మకాయ విసిరాడనుకుందాం. నాలుగు రోజుల్లో వరద తీసింది. నిమ్మకాయ మహిమా? మీరు నవ్వుతున్నారు. కానీ మనిషి శిక్షణకి ఎప్పుడొస్తాడు? హాయిగా ఉన్న వారంలో వస్తాడా? నిద్ర పట్టక, అన్నం సయించక, ఇంట్లో అందరూ విసుక్కున్నాక, ఇక లాభం లేదని వస్తాడు. అంటే వరద నెత్తి మీదున్న రోజున వస్తాడు. అక్కణ్ణించి ఎటు పోవాలన్నా కిందికే ఎక్కువ దారి. వాడికి మీరు ధ్యానం నేర్పినా, చదరంగం నేర్పినా, ఆరు వారాలకి కాస్త దిగే ఉంటాడు. దీన్ని 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ అనే ఆయన తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు కొలిచి చూపించాడు. మరీ పొడుగు తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్ళకంటే కాస్త పొట్టి, మరీ పొట్టివాళ్ళ పిల్లలు కాస్త పొడుగు. ఒక కొసన ఉన్నది రెండోసారి కొలిస్తే సగటు వైపు జరుగుతుంది. మందు వెయ్యకపోయినా జరుగుతుంది.

మరి ఏం చెయ్యాలి? నిమ్మకాయ విసరని ఏరు ఇంకోటి కావాలి, అంటే శిక్షణ తీసుకోని జట్టు. అదే రోజు, అదే వరదతో.

ఆ రెండో ఏటిని ఎలా తెస్తారన్నదే అసలు కిటుకు. 'ఇష్టమున్నవాళ్ళు చేరండి, లేనివాళ్ళు పక్కన కూర్చోండి' అంటే కుదరదు. చేరడానికి ముందుకొచ్చినవాడే సగం బాగుపడ్డవాడు. అందుకని చీటీలు వేస్తారు. వచ్చిన వాళ్ళందర్నీ చీటీల్తో రెండు జట్లు చేస్తారు. ఎవరెటు పోవాలో శిక్షణ ఇచ్చేవాడి చేతిలో ఉండదు, తీసుకునేవాడి చేతిలో ఉండదు. అలా చేస్తే వయసు, ఆడా మగా, అప్పులు, అత్తగారి పోరు, మనం కొలవగలిగినవీ కొలవలేనివీ అన్నీ రెండు పక్కలా ఇంచుమించు సమంగా సర్దుకుంటాయి. జట్లు మరీ చిన్నవైతే సర్దుకోవు, అది వేరే గొడవ.

చీటీలు వెయ్యడం అనగానే మనవాళ్ళకి కోపమొస్తుంది. బాధలో ఉన్న మనిషితో జూదమాడతారా అని. మద్రాసు సంగతి చెబుతాను. 1956లో అక్కడ క్షయ చికిత్స కేంద్రం పెట్టారు. అప్పట్లో క్షయ అంటే శానిటోరియంలో చేరాలి, మంచి తిండి, మంచి గాలి, మంచం దిగకుండా విశ్రాంతి. ఆ మంచాలు దేశంలో ఎన్నున్నాయి, రోగులెందరు! అందుకని రోగుల్ని చీటీల పద్ధతిలోనే పంచారు. సగం మంది శానిటోరియంలో, సగం మంది ఇరుకు ఇళ్ళల్లోనే, మందులు అవే. 1959లో ఫలితం వచ్చింది. ఇంట్లో ఉన్నవాళ్ళకీ దాదాపు అంతే బాగా నయమైంది. ప్రపంచమంతా క్షయ వైద్యం తీరు మారిపోయింది. చీటీలు వెయ్యకుండా పెద్దల అభిప్రాయం అడిగి ఉంటే, మంచాలు దొరకని లక్షలమంది ఇంకా క్యూలోనే ఉండేవాళ్ళు. జూదం ఎవరు ఆడినట్టు?

లెక్కలు అనగానే అవి తెల్లవాళ్ళ విద్య అనుకుంటాం. ప్రపంచమంతా చేతులెత్తి మొక్కిన స్టాటిస్టిక్స్ పెద్దాయన సి.ఆర్.రావు గారు మన నూజివీడులో, నందిగామలో బళ్ళకి పోయి చదువుకున్నారు. ఈ మాట ఎక్కడ మాట్లాడినా చెబుతాను, నాకదో సరదా.

సరే, రెండో జట్టు. వాళ్ళకి ఏమిస్తారు? 'మీకు తర్వాత ఇస్తాం, ఆగండి' అని వెయిటింగ్ లిస్టులో పెట్టడం సులువు. కానీ వెయిటింగ్ లిస్టులో పేరున్న మనిషి ఏం చేస్తాడు? ఎలాగూ శిక్షణ రాబోతోంది కదా అని ఉన్న ప్రయత్నం కూడా మానేసి కూర్చుంటాడు. వాడు దిగడు, లేదా ఇంకా పైకి పోతాడు. అప్పుడు మన శిక్షణ నిజానికున్న దానికన్నా గొప్పగా కనిపిస్తుంది. అందుకని గట్టి పరిశోధకులు రెండో జట్టుకి కూడా ఏదో ఒకటి ఇస్తారు. చూడ్డానికి అచ్చం అలాగే ఉండాలి, లోపల అసలు సరుకు మాత్రం ఉండకూడదు.

నాకు నచ్చిన ఉదాహరణ ఒకటుంది. లండన్ కింగ్స్ కాలేజీలో కొలెట్ హిర్ష్, ఆండ్రూ మాథ్యూస్ లాంటివాళ్ళు చేసిన పని, 2009 నాటిది. విపరీతంగా దిగులుపడేవాళ్ళకి ఒక జబ్బుంది. అటూ ఇటూ తేలని విషయం దొరికితే చెడ్డవైపే చదువుతారు. ఆ చదివే అలవాటునే మార్చి చూద్దామని వాళ్ళ ఆలోచన. చిన్న చిన్న సన్నివేశాలు వినిపిస్తారు. మన భాషలో నేనొకటి కట్టి చెబుతాను. 'రాత్రి పదిన్నర. హైదరాబాదులో బయల్దేరిన అబ్బాయి ఫోను ఎత్తడం లేదు. నాలుగుసార్లు చేశారు. తర్వాత తెలిసింది, వాడు బస్సులో...' అక్కడ ఆగుతుంది. మీ మనసులో ఇప్పుడేం మెదిలింది? అదిగో, ఆ అమ్మ మొహం చూడండి! చివరి మాట, 'నిద్రపోయాడు'. ఇలాంటివి పదులకొద్దీ, అన్నీ మామూలుగా ముగిసేవి. ఇదీ శిక్షణ. మరి రెండో జట్టుకి? అవే సన్నివేశాలు, అంతే సేపు, కానీ సగం మంచిగా ముగుస్తాయి, సగం చెడ్డగా. అంటే వాళ్ళూ వచ్చారు, కూర్చున్నారు, విన్నారు, పలకరింపులు అందుకున్నారు. తేడా ఆ ముగింపుల్లోనే. అప్పుడొచ్చిన తేడాకి ఇంకెవరూ వాటా అడగలేరు.

ఇక కాటా సంగతి. ఇది మిర్చి యార్డు ఊరు, కాటా గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. టిక్కీ, అంటే మిర్చి బస్తా, బరువు చూసేముందు కాయలో తేమెంత, తాలెంత అని చూస్తారు. కాటా ముల్లు నిజమే చెప్పినా, అది కాయ బరువా, నీళ్ళ బరువా అన్నది ముల్లుకి తెలియదు. దిగులు కాటాలకీ ఇదే తంటా.

దిగులు కొలవడానికి ప్రపంచంలో ఎక్కువగా వాడేది పెన్ స్టేట్ ప్రశ్నావళి, అమెరికాలో ఆ పేరున్న యూనివర్సిటీది. టామ్ బోర్కోవెక్, ఆయన తోటివాళ్ళు కలిసి 1990లో ఇచ్చారు. 16 వాక్యాలు. ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు. మొత్తం 16కి తగ్గదు, 80కి మించదు. ఆస్పత్రుల్లో ఇంకోటి వాడతారు, జీఏడీ-7 అని, జీఏడీ అంటే డాక్టర్లు ఆగని దిగులు జబ్బుకి పెట్టిన ఇంగ్లీషు పేరుకి పొట్టి రూపం, 2006లో వచ్చింది. ఏడే ప్రశ్నలు, గడిచిన రెండు వారాల గురించి, 21కి మార్కులు. 10 వచ్చినా, దాటినా డాక్టరు దగ్గర కూర్చుని మాట్లాడాల్సిందే అని లెక్క. మొదటిది మనిషి తత్వాన్ని అడుగుతుంది, రెండోది ఈ పక్షం రోజుల సంగతి అడుగుతుంది. రెండూ ఒకటి కావు. తత్వం నాలుగు రోజుల్లో మారదు, కాబట్టి మొదటిదాంతో వారం వారం కొలిచి 'తగ్గలేదు' అని బాధపడటం కూడా తెలివితక్కువే.

పెన్ స్టేట్ వాక్యాల్ని తెలుగు చేద్దామని మేం కూర్చున్నాం. మొదటి మాట దగ్గరే బండి ఆగింది. వర్రీ అంటే ఏమిటి? దిగులా? దిగుల్లో సగం ఏడుపుంది. బెంగా? బెంగ ఊరి మీద, మనిషి మీద పెట్టుకునేది, హాస్టల్లో చేరిన పిల్లకి అమ్మ మీద బెంగ. కంగారా? కంగారు ఒక క్షణం, బస్సు కదిలిపోతుంటే పడేది. ఆందోళన అంటే ధర్నా చౌకు గుర్తొస్తుంది. చింత పుస్తకాల్లో ఉంటుంది, ఇంట్లో చింతపండే ఉంటుంది. మనాది అంటే ముసలివాళ్ళకి అర్థమవుతుంది, పిల్లలు ఏమిటది అంటారు. చివరికి ఒక్క మాట పట్టుకోకుండా 'అవుతుందో ఏమోనని మనసులో అదే పనిగా అనుకుంటూ ఉండటం' అని రాశాం. పొడుగే. కానీ బోర్కోవెక్ చెప్పిందీ ఇంచుమించు అదే. దిగులు బొమ్మలుగా రాదు, మాటలుగా వస్తుంది, మనసు తనతో తనే గొణుక్కోవడం అది.

రాసింది మా అమ్మ మీద ప్రయోగించాను. అమ్మకి డెబ్భై ఎనిమిది. వరండాలో గోంగూర ఒలుచుకుంటోంది. కళ్ళజోడు పెట్టుకుని చదివింది. 'నేను దేని గురించీ ఎప్పుడూ దిగులుపడను', అలాంటి వాక్యం ఒకటుంది అందులో. అమ్మ 5 వేసింది. పూర్తిగా నిజమన్నమాట. నాలుగు వాక్యాలు పోయాక, 'ఒకసారి మొదలైతే ఆపుకోలేను', దానికీ 5. "ఇదేందమ్మా, అక్కడ లేదన్నావు, ఇక్కడ ఆపుకోలేనన్నావు?" అంటే నా మొహం వంక చూసి అంది, "దిగులుందని నా చేత్తో నేను రాసుకుంటానా? అశుభం గదే. అది ఆపుకోలేనన్నదంటావా, అది నిజమే గదా."

(నవ్వులు)

నవ్వకండి. ఆ కాగితంలో 5 వాక్యాలు అలా తిరగేసి రాసినవే. మార్కుల్ని కూడా తిరగేసి కలపాలి. కళ్ళు మూసుకుని అన్నిటికీ 5 వేసుకుంటూ పోయేవాణ్ణి పట్టుకోవడానికి అలా పెట్టారు. మన దగ్గర అది పట్టుకున్నది మర్యాదని! పైగా 'ఎప్పుడూ దిగులుపడను' అన్నదానికి 'కాదు' అని చెప్పాలంటే తెలుగులో లేదని లేదనాలి. పదో తరగతి పిల్లవాడు కూడా అక్కడ తడబడతాడు. మర్యాదతో వచ్చిన మార్కు తేమలాంటిది. శిక్షణ అయ్యాక ఇంకా ఎక్కువవుతుంది. ఆరు వారాలు ఆప్యాయంగా పలకరించిన మేడమ్ కాగితం చేతికిస్తే, తగ్గలేదని రాయడానికి మనకి చెయ్యాడుతుందా? భోజనం ఎలా ఉందండీ అంటే బాగాలేదన్న అతిథిని మీరు చూశారా?

అందుకే అడగకుండా చూసే దారి కూడా ఒకటి ఉండాలి. ఇందాక చెప్పిన లండన్ వాళ్ళు అలాంటిదే వాడారు. మనిషిని కూర్చోబెట్టి అయిదు నిమిషాలు ఊపిరి మీద ధ్యాస పెట్టమంటారు. మధ్యమధ్యలో గంట మోగుతుంది. ఆ క్షణాన ధ్యాస ఊపిరి మీదుందా, ఇంకెక్కడికైనా పోయిందా, పోతే ఎటు, అని ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆ మాటలు మంచివా చెడ్డవా అన్నది వేరే మనిషి నిర్ణయిస్తాడు. చెప్పినవాడు ఏ జట్టువాడో ఆ మనిషికి తెలియదు. అసలు శిక్షణ తీసుకున్న జట్టులో చెడ్డ తలపులు చొరబడటం తగ్గింది. 'మీకు తగ్గిందా?' అని ఎవరూ అడగలేదు, చూడండి. అందం అక్కడుంది.

ఇంకో దారి, దిగుళ్ళని పద్దు రాయడం. 2020లో పెన్ స్టేట్ నుంచే లూకస్ లాఫ్రెనియర్, మిషెల్ న్యూమన్ ఒక లెక్క వేశారు. దిగులు జబ్బున్న రోగులు పది రోజులపాటు వచ్చిన దిగులల్లా రాసుకున్నారు, తర్వాత ఏది జరిగింది, ఏది జరగలేదు అని చూసుకున్నారు. నూటికి 91 జరగలేదు. కొందరికైతే ఒక్కటంటే ఒక్కటీ జరగలేదు. పత్రికల్లో ఈ 91 చాలా తిరిగింది. రాసింది 29 మంది అన్న సంగతి మాత్రం అంతగా తిరగలేదు. అయినా నాకు ఆ పద్దు నచ్చింది. ఎందుకంటే మన ఇళ్ళల్లో దిగులుపడటం ఒక డ్యూటీ. పిల్లవాడు ఇల్లు చేరేదాకా మేలుకుని ఉండని తల్లిని 'దానికేం పట్టదు' అంటాం. వాడు క్షేమంగా వస్తే, నేను మేలుకున్నాను కాబట్టే వచ్చాడని లోపల ఎక్కడో ఒక లెక్క. పద్దు రాస్తే ఆ లెక్క తేలుతుంది.

అన్ని దిగుళ్ళూ తీసెయ్యాల్సినవి కావు. సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం చూస్తున్న రైతుకి దిగులు లేకుండా చెయ్యడం ఏ శిక్షణకీ పని కాదు, ఆయనకి కావలసింది రేటు. జబ్బు అని డాక్టర్లు ఎప్పుడంటారంటే, కనీసం ఆరు నెలలుగా, ఉన్న రోజులే లేని రోజుల కంటే ఎక్కువై, ఒకటి కాదు పది సంగతుల మీద, ఆపుకుందామన్నా ఆగనప్పుడు. దాంతోపాటు నిద్ర, కండరాలు బిగుసుకుపోవడం, చిరాకు, ఇలాంటివి.

మధ్యలో మానేసిన వాళ్ళ సంగతి ఒక్క ముక్క. చివరిదాకా వచ్చిన వాళ్ళనే లెక్కపెట్టి 'మా వాళ్ళంతా బాగుపడ్డారు' అనడం, తాలు ఏరి పారేసి మిగిలింది చూపించడమే. చీటీ ఏ జట్టులో పడిందో ఆ జట్టులోనే, వచ్చినా మానేసినా, అందర్నీ లెక్కలోకి తియ్యాలి. అలాగే, మార్కు ఎంత తగ్గితే తగ్గినట్టు? 80లో రెండు తగ్గితే అది కాటా ఊగిసలాటే కావచ్చు. కాటా తనంతట తను ఎంత ఊగుతుందో ముందు తెలుసుకుని, దాన్ని దాటితేనే ఒక మనిషి మారాడనాలని 1991లో జేకబ్‌సన్, ట్రూయాక్స్ ఒక సూత్రం ఇచ్చారు. సూత్రం కావాల్సినవాళ్ళు తర్వాత నా దగ్గరికి రండి, ఇక్కడ రాస్తే సగం మంది లేచిపోతారు.

(ముందు వరసలోంచి ఒకాయన: "మేడమ్, ఇంతకీ మా అమ్మాయిని చేర్చమంటారా, వద్దంటారా?")

ఏ శిక్షణో చూడకుండా నేనెలా చెప్పనండీ? కానీ వెళ్ళినప్పుడు ఇలా అడగండి. ఈ శిక్షణ తీసుకోని వాళ్ళని కూడా మీరు కొలిచారా అని. ఏ కాటా వాడారు, తెలుగులోనా, ఇంగ్లీషులోనా అని. అయిపోయిన మూడు నెలలకి మళ్ళీ చూశారా అని. 'చూళ్ళేదండీ, కానీ చెయ్యడానికి ఫలానా పరిశోధన ఆధారం ఉంది' అని నిజాయతీగా చెబితే నేనైతే చేరుస్తాను. ఫ్లెక్సీ వైపు వేలు చూపిస్తే ఇంటికొచ్చేస్తాను. ఈలోపల అమ్మాయికి మరీ ఇబ్బందిగా ఉంటే ఫ్లెక్సీల కోసమూ, నా కోసమూ ఆగొద్దు. టెలీ మానస్ అని ప్రభుత్వానిదే ఒక ఫోను ఉంది, 14416. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది. డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఒక చోట పనిచేసింది అన్ని చోట్లా పనిచేస్తుందా అని మీరు అడగలేదు గానీ నేనే చెబుతాను. గోవాలో మానసిక వైద్యులు విక్రమ్ పటేల్ గారి బృందం 24 ఆరోగ్య కేంద్రాల్లో చూసింది, 2010లో అచ్చయింది. డాక్టర్లు కాని మామూలు మనుషులకి కౌన్సెలింగ్ నేర్పి, కుంగుబాటు, ఆందోళన ఉన్నవాళ్ళకి సాయం చేయించారు. ప్రభుత్వ కేంద్రాల్లో స్పష్టంగా మేలు కనిపించింది. ప్రైవేటు క్లినిక్కుల్లో తేడా తేలలేదు. మనుషులు వేరు, కేంద్రం వేరు, అందుకే ఇక్కడ మళ్ళీ కొలుచుకోవాల్సిందే.

హాలు ఎనిమిదింటికి తాళం వెయ్యాలంటున్నారు. ఒక్క పని చేసిపెట్టి వెళ్ళండి. తలుపు పక్క బల్ల మీద మా తెలుగు వాక్యాల కాగితాలున్నాయి. మార్కులు వెయ్యొద్దు, పేరు రాయొద్దు. చదవండి. ఏ వాక్యం దగ్గర 'ఇదేం అడుగుతున్నారు?' అని ఆగారో దాని కింద పెన్సిల్‌తో గీత గీయండి. పక్కన మీ ఇంట్లో ఆ మాటని ఏమంటారో రాయండి, యాసలో రాసినా సరే. మా అమ్మ అప్పుడే ఏడు గీతలు గీసింది. పెన్సిళ్ళు స్టీలు గ్లాసులో ఉన్నాయి, దయచేసి తిరిగి అందులోనే పెట్టండి.